నేను కోసేసిన పెన్సిలు గీతలు

2023 ఆగస్టు. బన్సీలాల్‌పేటలో మా బైండింగ్ దుకాణం ముందు వారం రోజులుగా వాన వదలడం లేదు. వానాకాలం మా పని మీద పగ పట్టినట్టుంటుంది. జిగురు ఆరదు, అట్ట వంకర తిరుగుతుంది, ఇస్తానన్న రోజుకు పుస్తకం ఇవ్వలేక గిరాకీతో మాట పడాలి. అట్లాంటి వారంలోనే ఒక సోమవారం నా దగ్గరికి ఒక బైబిలు వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లుగా పుస్తకాలకు అట్టలు కడుతున్నాను. ఆ బైబిలు విషయంలో నేను చేసిన తప్పు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తరవాత జరిగింది తలుచుకుంటే మాత్రం గుండె తేలికపడుతుంది. ఆ బైబిలు ఎవరిదో ఆ భార్యాభర్తలు రాసుకోమన్నారు కనుక రాస్తున్నాను. పేర్లు మార్చాను.

మా నాన్న జిల్ద్‌సాజ్. అంటే ఇదే పని చేసేవాడు. ఆయన నాకు రెండు సంగతులు గట్టిగా నేర్పాడు. పుస్తకం అంచు తిన్నగా ఉండాలి. దేవుడి పుస్తకం ముక్క ఏ మతానిదైనా సరే, చెత్తలో పడకూడదు.

పాత పుస్తకం వస్తే మేం ముందు దాని అట్ట ఊడదీస్తాం. లోపల పేజీలు సెక్షన్లుగా విడిపోతాయి. మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చిన కాగితాల కట్టనే సెక్షన్ అంటారు. వాటన్నిటినీ వరసగా దారంతో కుట్టడం నా భార్య షమీమ్ పని. ఆ తరవాత వీపుకు జిగురు పూసి, వలలాంటి పలచటి జాలీ గుడ్డ అతికిస్తాను. అప్పుడు వస్తుంది ట్రిమ్మింగ్. కుట్టాక పేజీల అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కదా, వాటిని కటింగ్ మిషన్‌లో బిగించి మూడు వైపులా ఒక్కో వేటుకు కోయడం. నాకు ఈ పనంటే పిచ్చి. గడ్డం గీసుకోవడానికి లేని ఓపిక పుస్తకాల అంచుల మీద ఎక్కడినుంచి వస్తుందని షమీమ్ ఎప్పుడూ ఎత్తిపొడుస్తుంది.

కోయగా రాలిన సన్నటి పేలికలను కత్రన్ అంటాం. మామూలు పుస్తకాల కత్రన్ బస్తాలోకి పోతుంది, కాగితం మిల్లువాళ్లు పట్టుకుపోతారు. దేవుడి పుస్తకాల కత్రన్ మాత్రం గోడకు వేలాడే తెల్ల గుడ్డ సంచిలో వేస్తాను. సంచి నిండాక మా ఖబ్రస్తాన్ మూల ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడుస్తాను. మా నాన్న కూడా అదే చేసేవాడు. ఆ సంచి లేకపోతే ఈ సంగతి ఇంకో రకంగా ముగిసేదేమో.

బైబిలు తెచ్చినతని పేరు సుధాకర్ అనుకుందాం. ముప్ఫై దాటిన మనిషి, కార్ఖానా అనే పేటలో ఉంటాడు, ఇళ్లకు తిరిగి ఏసీలు బాగుచేస్తాడు. పుస్తకాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు.

"అట్ట ఊడిపోయింది చాచా. జెర గట్టిగ కట్టుండ్రి. మా పెండ్లిల ఇచ్చిన బైబిలు."

"పెండ్లయి ఎన్నేండ్లాయె?"

"ఐదు."

ఐదేళ్లకే వీపు విరిగిందంటే ఎవరో ఒకే పేజీని పదే పదే తెరుస్తున్నారన్నమాట. మాకొక అలవాటుంది. పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి రెండు చేతులూ వదిలేస్తాం. ఎక్కువసార్లు తెరిచిన చోటే అది తనంతట తాను తెరుచుకుంటుంది. ఎక్కడ కుట్టు బలంగా వేయాలో అట్లా తెలుస్తుంది. ఆ బైబిలు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయం దగ్గర తెరుచుకుంది. ఆ పేజీ చూసి నాకు చిరాకేసింది. పక్కనున్న ఖాళీ జాగా నిండా పెన్సిలు గీతలు. రబ్బరుతో చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపి కాగితం మసిబారి పలచబడిపోయింది.

"ఇంట్ల చిన్నపిల్లలున్నరా?" అని అడిగాను.

"పాప ఉంది. మూడేండ్లు."

నా అనుమానం తీరిపోయింది. పాప చేతికి పెన్సిలు దొరికిందన్నమాట. నేను ఎందుకు అడిగానో అతనికి తెలియదు, అతను చెప్పనిది నాకు తెలియదు. శనివారం మధ్యాహ్నానికల్లా కావాలని, ఆదివారం తప్పకుండా ఉండాలని మళ్లీ మళ్లీ చెప్పి వెళ్లాడు.

శుక్రవారం ట్రిమ్మింగ్‌కు కూర్చున్నాను. మామూలుగా రెండు మిల్లీమీటర్లకు మించి కోయను. ఆ మసి పేజీ గుర్తొచ్చి, అది కూడా శుభ్రమైపోతే మంచిదే కదా అని ఆరు మిల్లీమీటర్లు లోపలికి జరిపాను. అక్షరాలకు తగలకుండా చూసుకుని వేటు వేశాను. అంచు అద్దంలా వచ్చింది. షమీమ్‌ను పిలిచి మరీ చూపించుకున్నాను.

శనివారం సుధాకర్ వచ్చాడు. కొత్త అట్ట తడిమి, వాసన చూసి సంబరపడ్డాడు. తరవాత సరిగ్గా ఆ పేజీ తీశాడు. అంచు పొడుగునా వేలితో తడిమాడు.

"చాచా, ఈడ గీతలుండె."

"పాప గీసినయి కదా. నేనే జెర ఎక్కువ కోసిన. చూడు, ఎంత సాఫ్ అయిందో." ఈ మాట నేను గర్వంగా అన్నాను.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "పాప గీసినయి కావు. నేను గీసుకున్నయి."

"ఏందవి?"

"నా దినాలు చాచా."

నాకేమీ అర్థం కాలేదు గాని, పోయింది అతనికి విలువైనదని ముఖం చూస్తే తెలిసింది. సంచి గుర్తొచ్చింది. మేకు మీద నుంచి దించి, నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి అంతా దానిమీద పోశాను. "కత్రన్ ఎక్కడికీ పోలే. నువ్వు కూసో, ఎతుకుదాం" అన్నాను. ఇద్దరం దుప్పటికి చెరోవైపు కూర్చున్నాం. షమీమ్ లోపల వంటింట్లో ఉంది. బయట వాన, గిరాకీ లేదు.

చేతులకు పని ఉండి, ఎదుటివాడి కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు మనిషికి మాట సులువుగా వస్తుంది. నేను అడగలేదు. పేలికలు ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతూ అతనే మొదలుపెట్టాడు.

"ఫోన్ల పాడు వీడియోలు చూసే అలవాటు చాచా. పెండ్లికి ముందటి సంది ఉంది. పెండ్లయితే అదే పోతది అనుకున్న. పోలే. పని మధ్యల ఒక్కన్నే ఉంటే చాలు, చెయ్యి దాని మీదికే పోతది. తరవాత నన్ను నేను అద్దంల చూసుకోలేను."

పోయిన ఏడాది అతని భార్య గ్రేస్‌కు తెలిసిందట. బిడ్డను తీసుకుని మారేడ్‌పల్లిలోని తల్లిగారింటికి వెళ్లిపోయి, రెండు నెలలకు తిరిగి వచ్చింది. ఒకే షరతు పెట్టింది: తనకు అబద్ధం చెప్పకూడదు. చర్చి పెద్ద ఒకాయన సుధాకర్‌కు ఆ పదో అధ్యాయంలోని పదమూడో వచనం చూపించి, శోధన, అంటే మనసు తప్పు వైపు లాగడం, వచ్చినప్పుడల్లా ఇది చదువుకో అన్నాడు. గీతల ఆలోచన మాత్రం సుధాకర్‌దే. తట్టుకుని నిలబడిన ప్రతి రోజుకూ వచనం పక్కన ఒక గీత. పడిపోయిన రోజున అన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచి. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు గ్రేస్ ఆ పేజీ తీసి చూస్తుంది.

"పోయిన ఆదివారానికి నలభై ఏడు. అంతదాక ఎన్నడూ పోలే చాచా. రేపు ఆమె పేజీ తీస్తది. ఏమీ లేకపోతే నేనే కావాలని కోయించిన అనుకుంటది. మళ్ల పాపను తీస్కొని పోతది."

"నేను వచ్చి చెప్తా. తప్పు నాది" అన్నాను.

"నలభై ఏడు ఉండెనని చెప్పుండ్రి. ఇయ్యాల్టికి యాభై మూడు అయితుండె అని" అన్నాడు. ఆ రెండో మాట దగ్గర గొంతు తగ్గింది.

నేను మొండివాణ్ని. చూడనిది చూశానని చెప్పడం నా వల్ల కాదు. "నేను లెక్కపెట్టలే బిడ్డా. నేనే కోసిన అని చెప్తా. ఎన్ని ఉండెనో నాకేం ఎరుక" అన్నాను. అన్న తరవాత అతని మీద జాలేసింది. ఆ ఇంటి గొడవకు ఇంత నూనె పోసింది నేనే కదా అనిపించింది.

ఇంకో అరగంట వెతికాక నా చేతికే దొరికింది. పొడవాటి పేలిక, మూడు ముక్కలుగా చినిగింది గాని గీతలన్నీ ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "దొరికింది" అన్నాను. "టిష్యూ కాగితం పెట్టి అతికిస్తా. నూలంత జాడ కనపడది. మీ ఆమె చూసినా గుర్తు పట్టది." టిష్యూ అంటే చినిగిన పేజీలకు వేసే పలచటి కాగితం, దానితో అతుకు వేయడంలో నాకు పేరుంది.

సుధాకర్ ఆ ముక్కలు అరచేతిలో పెట్టుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"అతికించొద్దు చాచా. మంగళారం పడిపోయిన."

టిష్యూ కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బైబిలు మీ దగ్గరనే ఉంది కదా, చెరుపుడు పడలే. ఇయ్యాల వచ్చి చెరపాలె అనుకుంట వచ్చిన. చెరపొద్దు, ఊకుందాం అని సుత అనుకున్న. మీరు కోసిండ్రని చూడంగనే ముందుగాల గుండె జారింది. తరవాత లోపల జెరంత ఖుషీ అయింది. ఇగ ఎవరికీ తెల్వది అని. మీతోని సుత యాభై మూడు అని చెప్పియ్యాలని చూసిన. ఎంత సిగ్గుమాలినోన్ని నేను."

నేను మౌల్వీని కాదు, పాస్టర్ను కాదు. ఇట్లాంటి సంగతి విన్నప్పుడు ఏం చెప్పాలో మా నాన్న నేర్పలేదు. నాకు తెలిసిందల్లా పుస్తకం ఒకటే. అంత లోపలికి కోశానే, అక్షరాలకు ఎక్కడైనా తగిలిందా అన్న భయం ఒకటి పొద్దటినుంచి నన్ను తొలుస్తోంది. అందుకే అడిగాను. "జెర ఆ పేరా పైకి చదువు. అక్షరం ఏమన్నా పోయిందేమో చూస్త."

అతను చదివాడు. పాతకాలపు గ్రాంథికంలో ఉంది గాని సారం నాకు తెలిసింది. మనుషులందరికీ వచ్చే శోధనే తప్ప మీకు కొత్తగా వేరేది రాలేదు. దేవుడు నమ్మదగినవాడు. మీరు మోయలేనంత శోధన రానివ్వడు. శోధనతో పాటే తప్పించుకునే దారి కూడా ఆయన ఇస్తాడు. ఒక్క అక్షరం పోలేదు. నా భయం తీరింది గాని అతను అక్కడే ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు, ఈసారి నా కోసం కాదు.

"ఇది చదివి ఎన్ని నెలలయిందో చాచా. పేజీ తీసుడు, గీత గీసుడు, మూసుడు. గంతే."

"దీంట్ల గీతల ముచ్చట యాడా లేదు కదా" అన్నాను.

అతను మొదటిసారి నవ్వాడు. "లేదు. దేవుడు నమ్మదగినోడు అని ఉంది. సుధాకర్ నమ్మదగినోడు అని లేదు. ఇన్ని దినాలు నన్ను నేను నిరూపించుకుంటున్న. ఒక్కసారి పడంగనే, ఇగ ఎట్లయినా సున్నానే కదా అని వారం దాక లేవకపోతుంటి."

మా యూసుఫ్ ప్రవక్త కథ గుర్తొచ్చి చెప్పాను. యజమాని భార్య తప్పుకు పిలిచి చొక్కా పట్టుకుని లాగితే అది వెనక నుంచి చినిగినా ఆగకుండా పరుగెత్తాడు. వాళ్ల పుస్తకంలో ఆయన పేరు యోసేపు, పైబట్ట ఆమె చేతిలోనే వదిలేసి పారిపోయాడు అన్నాడు సుధాకర్. బట్ట పోతే పోయింది, మనిషి దక్కాడన్నది ఇద్దరికీ ఒకటే.

"నేను ఉరకలే చాచా" అన్నాడు.

"మంగళారం ఉరకలే. ఇయ్యాల ఉరుకు. ఇంటి దిక్కు ఉరుకు" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

ముక్కలను అతనే సంచిలో వేశాడు. నేను వెంట వస్తానంటే వద్దన్నాడు. ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను చెప్పాలన్నాడు. బైబిలును మళ్లీ రెండు కవర్లలో చుట్టుకుని వానలోకి దిగాడు.

ఆ తరవాతి రోజులు నాకు అన్నం సహించలేదు. ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది, ఫోన్ రాలేదు. గిరాకీ గీసుకున్న గుర్తులు కోసేశానని మాత్రం షమీమ్‌కు చెప్పాను. "అడగకుండ కోసుడేంది" అని అరిచింది. ఆమె అరిస్తే ఎప్పుడూ ఎదురు చెప్పే నేను ఈసారి తప్పు ఒప్పుకున్నాను. గ్రేస్ మళ్లీ బిడ్డను తీసుకుని మారేడ్‌పల్లి వెళ్లిపోయి ఉంటుందని, ఆరు మిల్లీమీటర్లతో ఒక కాపురం కోసేశానని కుమిలిపోయాను.

గురువారం పొద్దున ముగ్గురూ వచ్చారు. సుధాకర్, చంకలో పాప, పక్కన గ్రేస్. చిన్నపిల్లల బడిలో టీచరట. సూటిగా నా ముందుకొచ్చి నిలబడింది.

"మీరేనా కోసింది?"

"నేనేనమ్మా. మాఫ్ చెయ్యి. తప్పయింది."

"మీ మీద కోపం లేదు చాచా. ఈయన మీద వచ్చింది. మంగళారం ముచ్చట చెప్తే రెండు దినాలు మాట్లాడలే, ఏడ్చిన. తరవాత కూసోని ఆలోచిస్తే, నేను పట్టుకోకుండ ఈయనంతట ఈయన చెప్పుడు ఇదే మొదటిసారి." పాప జుట్టు సవరిస్తూ మళ్లీ అంది. "నిజం చెప్పాల్నంటే, ఆదివారం వస్తుందంటే నాకు సుత భయమయ్యేది. ఆ పేజీ తీయబుద్ధి కాదు, తీయకుండ ఉండబుద్ధి కాదు. బడిల పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతా, ఇంటికొచ్చి మొగుని పేపర్ సుత దిద్దాల్నా?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఐదు రోజుల తరవాత ఊపిరి సరిగా ఆడింది. షమీమ్ చాయ్ పట్టుకొచ్చింది, పాపకు బిస్కెట్ ఇచ్చింది, నా వైపు మాత్రం ఇంకా కోపంగానే చూసింది.

వాళ్లు కొన్ని ఏర్పాట్లు చేసుకున్నారు. పనికి వెళ్లేటప్పుడు మాట్లాడడానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఫోన్. పెద్ద ఫోన్ ఇంట్లో గ్రేస్ దగ్గర. శనివారం శనివారం చర్చి పెద్ద దగ్గర కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడడం. పొద్దున లేవగానే ఇద్దరూ కలిసి బైబిలు చదవడం. ఎక్కడ చదువుతున్నారని అడిగితే విలాపవాక్యములు అంది గ్రేస్.

"పేరే విలాపం కదమ్మా" అన్నాను.

"ఏడుపు నడుమలనే ఉంది చాచా మంచి మాట. దేవుని దయ ఒడవదు, దినాం పొద్దుగాల కొత్తగ పుడుతదని. నలభై ఏడు లేదు, సున్నా లేదు. పొద్దుగాల లేస్తే మళ్ల షురూ."

సంచి అప్పటికే నిండింది. శుక్రవారం నమాజు అయ్యాక పూడ్చడానికి వెళ్తానంటే సుధాకర్ తానూ వస్తానన్నాడు. మర్నాడు వచ్చి, నా చేతిలోంచి పలుగు లాక్కుని తనే గొయ్యి తవ్వాడు. సంచి తిరగేసి కత్రన్ అంతా పోసి, మట్టి కప్పాడు. వాన తెరిపిచ్చింది, మట్టి మెత్తగా ఉంది. "తేలికయింది చాచా" అన్నాడు. నాకూ తేలికైంది, ఆ మాట అతనికి చెప్పాను కూడా.

ఆ రోజునుంచి దుకాణంలో ఒక చిన్న పలక వేలాడుతోంది, దానిమీద పేజీల పక్కన ఏమన్నా రాసుకున్నారా అని రాసి ఉంది. కోసే ముందు అందరినీ అదే అడుగుతాను. ఒకరు వంటలు రాసుకుంటారు, ఒకరు పిల్లల పుట్టినరోజులు, ఒకరు చచ్చిపోయిన తమ్ముడి ఫోన్ నంబరు. ముప్ఫై నాలుగేళ్లు నేను అంచును అంచుగానే చూశాను, మనుషులు అక్కడ బతుకుతారని నాకు తట్టలేదు. ఇప్పుడు అడగకుండా బ్లేడు దించను. ఆ రోజు అడిగి ఉంటే ఆ గీతలు కోసేవాణ్ని కాదు, అందుకే నేను చేసింది మంచిదని చెప్పుకోను. నా తప్పును వాళ్లిద్దరూ బాగుచేసుకున్నారు, అంతే.

పోయిన ఎండాకాలం సుధాకర్ అదే బైబిలు పట్టుకొచ్చాడు. ఇంట్లో ఏసీ నీళ్లు కారి అట్ట మూల ఉబ్బిందట. ఊరందరి ఏసీలు బాగుచేసేవాడి ఇంట్లో ఏసీ కారడమేందని ఆటపట్టించాను. ఎట్లున్నావని మాత్రమే అడిగాను, ఇంకేమీ అడగలేదు. అతనే చెప్పాడు. "నడుమల రెండుసార్లు పడ్డ చాచా. పడ్డ దినమే చెప్పిన, తెల్లారి లేచిన. ఇప్పుడు చానా నెలలయింది. ఎన్నో లెక్కపెట్టలే."

పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి చేతులు వదిలేశాను. కొరింథీయుల దగ్గర తెరుచుకోలేదు. చాలా ముందుకే, విలాపవాక్యములు మూడో అధ్యాయం దగ్గర తెరుచుకుంది. కింద మూల రెండు బొటనవేళ్ల మరకలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కన ఖాళీ జాగా తెల్లగా ఉంది.

అయినా పలక మీదున్న మాట అడగాలి కదా, అడిగాను. "పేజీల పక్కన ఏమన్నా రాసుకున్నవా బిడ్డా?"

"ఏం లేదు చాచా" అన్నాడు నవ్వుతూ. "ఎంత కోస్తరో కోసుకోండ్రి."